రెండు పాదాల్లో తిమ్మిరి, కుడిచేతి వేళ్లు మొద్దు: కైరోప్రాక్టిక్ ప్యాకేజీ కట్టే ముందు

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 61 ఏళ్లు, సొంతూరు నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గర. పదేళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్ రోజుకు 2 గ్రాములు. ఏడాదిగా రెండు అరికాళ్లలో తిమ్మిరి, రాత్రిళ్లు మంట. మూడు నెలలుగా కుడిచేతి బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు మొద్దుబారుతున్నాయి. మెడ బిగుసుకుపోయి పక్కకు తిరగడం లేదు. హైదరాబాద్‌లో ఒక కైరోప్రాక్టిక్ (చేతులతో వెన్నును సర్దే వైద్యం) క్లినిక్‌లో చూపిస్తే, మెడలోనూ నడుములోనూ నరాలు నొక్కుకున్నాయి, 24 సిట్టింగులు తీసుకుంటే అన్నీ తగ్గుతాయి, ముందే డబ్బు కడితే తగ్గింపు ఇస్తాం అన్నారు. కట్టాలా వద్దా అని మీ ప్రశ్న.

ఇప్పుడు కట్టకండి. కైరోప్రాక్టిక్ దేనికీ పనికిరాదని కాదు ఈ మాట అనడం. మీరు చెప్పిన వాటిలో మూడు వేర్వేరు సమస్యలు కనిపిస్తున్నాయి, మూడింటికీ ఒకే మందు వేస్తామంటున్నారు. పాదాల తిమ్మిరికి వెన్నుతో సంబంధం ఉండే అవకాశం తక్కువ. చేతి మొద్దు మణికట్టు నుంచా మెడ నుంచా అన్నది తేల్చాలి. మెడ బిగుతు సంగతి వేరు. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే మర్రిగూడ నీళ్లు తాగి పెరిగిన మనిషి మెడ మీద పరీక్షలు చేయకుండా ఎవరూ చెయ్యి వేయకూడదు. మీ ప్రశ్నలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది అదే.

ముందు ఈ వైద్యం ఏం చేస్తుందో చెబుతాను. 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో డేనియల్ డేవిడ్ పామర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. వెన్నుపూసలు స్థానం తప్పడం వల్లే జబ్బులు వస్తాయన్నది అప్పటి సిద్ధాంతం. ఆ సిద్ధాంతం శాస్త్రపరీక్షకు నిలవలేదు. చేతులతో కీలును కదిలించడం వల్ల మాత్రం కొన్ని రకాల నడుము నొప్పి, మెడ నొప్పి కొంతమేర తగ్గుతాయి. కీలు దగ్గర వేగంగా, తక్కువ దూరం నెట్టినప్పుడు టక్కుమని వినిపించే చప్పుడు కీలులోని జిగురు ద్రవంలో గాలి బుడగ ఏర్పడటం వల్ల వచ్చేది. మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ అదే. ఎముక జరిగి చోటుకు చేరిందనడానికి గానీ, నరం విడిపోయిందనడానికి గానీ ఆ చప్పుడు సాక్ష్యం కాదు. కాబట్టి వీడియోల్లో ఎంత గట్టిగా చప్పుడు వచ్చిందో చూసి వైద్యుణ్ని ఎంచుకోవద్దు. ఈ వైద్యంతో తిమ్మిరికి ఉపశమనం ఉండాలంటే నరం నలుగుతున్నది వెన్ను దగ్గర అయి ఉండాలి. నరం వేరేచోట నలిగినా, లోపలి కారణంతో నరమే పాడైనా వెన్నును ఎన్నిసార్లు సర్దినా ఫలితం రాదు.

ఇక పాదాలు. రెండు పాదాల్లో ఒకేలా, కాలివేళ్ల చివర మొదలై నెలల తరబడి మెల్లగా పైకి పాకే తిమ్మిరి షుగర్ వల్ల వచ్చే నరాల జబ్బు లక్షణం. ఒంట్లో అన్నిటికన్నా పొడవైన నరాలు పాదాలవి. కాలువలో నీరు తగ్గితే చివరి ఆయకట్టు ముందు ఎండినట్టు, దెబ్బ మొదట అక్కడే తెలుస్తుంది. తిమ్మిరి మోకాళ్ల దాకా వచ్చే వేళకు రెండు చేతుల వేళ్ల చివర్లలోనూ మొదలవుతుంది. నాన్నగారికి ఒక్క కుడిచేతిలో, అదీ మూడు వేళ్లలోనే ఉంది కాబట్టి చేతిని ఈ లెక్కలో కలపకూడదు.

నడుములో నరాల దారి ఇరుకై కూడా రెండు కాళ్లు తిమ్మిరెక్కవచ్చు. తేడా ఇలా కనిపెట్టండి. నిలబడినా, కొంత దూరం నడిచినా తిమ్మిరి పెరిగి, కూర్చున్నా ముందుకు వంగినా కొన్ని నిమిషాల్లో తగ్గితే నడుమును అనుమానించాలి. పడుకున్నాక, రాత్రివేళ మంట ఎక్కువైతే, దుప్పటి తగిలినా భరించలేకపోతే అది షుగర్ నరాల వైపే చూపిస్తుంది. మీరు రాసింది రెండో రకం.

ఇక్కడ చాలామంది వదిలేసే విషయం ఒకటుంది. మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి, రోజుకు 2 గ్రాముల మోతాదులో వాడితే బి12 విటమిన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. శాకాహారులైతే ఇంకా ఎక్కువ. బి12 లోపంతో వచ్చే తిమ్మిరి అచ్చం షుగర్ తిమ్మిరిలాగే ఉంటుంది, కానీ దీన్ని వెనక్కి తిప్పవచ్చు. ఆలస్యమైతే వెన్నుపాము కూడా దెబ్బతిని నడక తూలుతుంది. రక్తంలో బి12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కన్నా తక్కువుంటే లోపమే. 200 నుంచి 300 మధ్య ఉంటే తేలనట్టు లెక్క. అప్పుడు మిథైల్ మలోనిక్ యాసిడ్ పరీక్ష చేయించాలి. మందుల షాపులో తిమ్మిరి అనగానే మిథైల్‌కోబాలమిన్ (బి12లో ఒక రకం) మాత్రలు ఇచ్చేస్తారు. అవి పదిరోజులు మింగి పరీక్షకు వెళితే అంకె బాగానే కనిపిస్తుంది, అసలు లోపం ఉందో లేదో ఎప్పటికీ తెలియదు. రక్తం ఇచ్చాకే మాత్ర మొదలుపెట్టండి. మెట్‌ఫార్మిన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపకండి. లోపం ఉన్నా బి12 ఇస్తూ అదే మందు కొనసాగించవచ్చు.

అదే రక్తంతో మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, కిడ్నీ కోసం క్రియాటినిన్ కూడా చేయించండి. థైరాయిడ్ తగ్గినా, కిడ్నీ మందగించినా తిమ్మిరి వస్తుంది. టీబీ మందుల్లో ఐసోనియాజిడ్ వాడినవారికి, మద్యం అలవాటున్నవారికి ఇంకా వేరే కారణాలుంటాయి. చర్మం మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉందేమో ఒకసారి ఒళ్లంతా చూడండి. కుష్టు మన దగ్గర పోలేదు. పట్టించుకుంటే పూర్తిగా నయమయ్యే జబ్బు, ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం. షుగర్ ఎక్కువగా ఉంటే తగ్గించాలి గానీ ఒక్కసారిగా కాదు. మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ రెండు పాయింట్ల కన్నా ఎక్కువ పడిపోతే ఆ వేగానికే కొందరిలో పాదాల మంటలు భగ్గుమంటాయి.

పాదాల స్పర్శను డాక్టరు 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ తీగతో, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌తో పరీక్షించాలి. అయిదు నిమిషాల పని, అడిగి చేయించుకోండి. ఇంట్లో మాత్రం ఈ రోజు నుంచే కొన్ని మానాలి. తిమ్మిరి తగ్గుతుందని వేడినీళ్లలో ఉప్పు వేసి కాళ్లు ముంచడం, హాట్ వాటర్ బ్యాగ్ పెట్టడం పూర్తిగా ఆపండి. వేడి తెలియని పాదం బొబ్బలెక్కినా తెలియదు, షుగర్ ఉన్నవారికి ఆ పుండు త్వరగా మానదు. ఎండాకాలం గుడి ప్రాంగణంలో బండల మీద చెప్పులు లేకుండా నడిచి అరికాళ్లు కాల్చుకునేవారు ఏటా ఉంటారు. మందపాటి సాక్సులు వేయించండి. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు మీరే చూడండి.

చేతి విషయానికి వస్తే, బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు అంటే రెండు చోట్లను అనుమానించాలి. ఒకటి మణికట్టు దగ్గర ఇరుకు సొరంగంలో మీడియన్ నరం నొక్కుకుపోవడం, అంటే కార్పల్ టన్నెల్. షుగర్ ఉన్నవారిలో ఇది మామూలు వాళ్లలో కన్నా ఎక్కువ. రెండోది మెడలో సి6 లేదా సి7 నరం వేరు నలగడం. నాన్నగారిని ఇవి అడగండి. రాత్రి నిద్రలో తిమ్మిరితో మెలకువ వచ్చి చెయ్యి విదిలిస్తే తగ్గుతోందా? బండి హ్యాండిల్, ఫోన్ పట్టుకున్నప్పుడు పెరుగుతోందా? అయితే మణికట్టు. ఉంగరపు వేలులో మధ్యవేలు వైపు సగం మొద్దుబారి, చిటికెన వేలు వైపు సగం బాగుండటం మణికట్టుకు గట్టి సాక్ష్యం. అరచేయి మధ్యభాగంలో స్పర్శ మామూలుగా ఉంటుంది, ఎందుకంటే ఆ చర్మానికి వెళ్లే కొమ్మ మణికట్టు సొరంగంలోకి రాకముందే విడిపోతుంది. దీనికి భిన్నంగా తిమ్మిరి భుజం నుంచి ముంజేతి మీదుగా దిగుతుంటే, తల వెనక్కి వాల్చినప్పుడు పెరుగుతుంటే, చెయ్యి నెత్తిమీద పెట్టుకుంటే హాయిగా ఉంటే మెడ. రెండూ కలిసి ఉండటం కూడా అరుదు కాదు. నరంలో సంకేతం ఎలా వెళ్తోందో చూసే నర్వ్ కండక్షన్ పరీక్షతో మణికట్టు సంగతి తేలుతుంది.

మణికట్టే అయితే కైరోప్రాక్టర్ అక్కర్లేదు. రాత్రిపూట స్ప్లింట్ (మణికట్టు వంగకుండా పట్టి ఉంచే కట్టు) కట్టి ఆరు వారాలు చూడండి. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. షాపులో దొరికే స్ప్లింట్లలో లోపలి లోహపు పట్టీ మణికట్టును 20, 30 డిగ్రీలు పైకి వంచి ఉంటుంది. అలా కట్టుకుంటే సొరంగంలో ఒత్తిడి తగ్గకపోగా పెరుగుతుంది. పట్టీ బయటికి తీసి చేత్తో చదునుగా వంచి, చెయ్యి ముంజేతితో తిన్నగా ఉండేలా మళ్లీ దూర్చండి. వేళ్లు పూర్తిగా కదలాలి. ఆరు వారాలకూ తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్, తర్వాత చిన్న ఆపరేషన్. ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ముందే తెలిసి ఉంటే కంగారు ఉండదు. బొటనవేలి మొదట్లో ఉండే కండ పల్చబడితే, చొక్కా గుండీ పట్టు జారుతుంటే స్ప్లింట్‌తో కాలయాపన చేయకుండా సర్జన్‌కు చూపించండి. ఎండిన కండ తిరిగి రావడం కష్టం.

ఇప్పుడు మెడ. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలను పట్టే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతం నుంచి వైద్యులు నమోదు చేశారు. ఆ తర్వాత నల్లగొండ పేరు దేశమంతా తెలిసింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఇప్పుడు మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీళ్లు వస్తున్నాయి, సంతోషం. కానీ నాన్నగారి వయసువారు చిన్నప్పటి నుంచీ ఆ బోరు నీళ్లే తాగారు, ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ ఏళ్లు గడిచినా అంత తేలిగ్గా పోదు. అది ఎముకను దట్టం చేసి, వెన్నుపూసలను పట్టి ఉంచే లిగమెంట్లను సైతం ఎముకలా గట్టిపరుస్తుంది. మెడ తిరగకపోవడం దానివల్ల కావచ్చు. అంతటితో ఆగితే ఫర్వాలేదు. వెన్నుపాము వెళ్లే గొట్టం లోపలివైపు లిగమెంట్లు గట్టిపడితే వెన్నుపాముకు చోటు చాలదు. షుగర్ ఉన్నవారిలో ఫ్లోరైడ్‌తో పని లేకుండానే ఈ లిగమెంట్లు గట్టిపడే జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. అంటే నాన్నగారికి రెండు కారణాలూ ఉన్నాయి. అలా ఇరుకైన మెడను ఒక్క ఉదుటున తిప్పితే, లేదా తలకు పట్టీ వేసి గట్టిగా లాగితే, చేతులూ కాళ్లూ పడిపోయే ప్రమాదం ఉంది. సోషల్ మీడియాలో బాగా తిరిగే ఆ పట్టీ వీడియోలు చూసి ఎవరూ మోసపోకండి. మంగలి షాపులో మెడ విరిపించుకోవడం కూడా ఇదే లెక్క.

వెన్నుపాము నలుగుతోందేమో ఇంట్లో కొంత పసిగట్టవచ్చు. పిడికిలి పూర్తిగా బిగించి పూర్తిగా విప్పడం పది సెకన్లలో ఎన్నిసార్లు చేయగలరో లెక్కపెట్టండి. మామూలుగా 20 సార్లు చేయగలగాలి. బాగా తక్కువైతే, వేళ్లు నెమ్మదిగా, తడబడుతూ విచ్చుకుంటే అది హెచ్చరిక. మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడిచినట్టు పది అడుగులు వేయించండి, మీరు పక్కనే ఉండండి. గుండీలు పెట్టుకోవడం, అన్నం ముద్ద కలుపుకోవడం, చిల్లర లెక్కపెట్టడం కష్టమైందా? తల ముందుకు వంచితే వీపులోంచి కాళ్లలోకి షాక్ కొట్టినట్టుందా? మూత్రం వస్తే ఆపుకోలేకపోతున్నారా? వీటిలో ఒక్కటి ఉన్నా న్యూరాలజిస్ట్‌కో స్పైన్ సర్జన్‌కో వెంటనే చూపించండి, మెడ ఎమ్మారై తీయించండి. మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు, నిమ్స్‌లో చూపించుకోవచ్చు. ఇవేవీ లేకపోయినా మెడ పక్కవాటు ఎక్స్‌రే, ముంజేతి ఎక్స్‌రే తీయించాలి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పొర ఎముకలా గట్టిపడి కనిపిస్తే ఫ్లోరోసిస్ అని చెప్పడానికి చాలావరకు చాలు. ఫ్లోరోసిస్ తేలినా, ఎమ్మారైలో వెన్నుపాముకు చోటు తక్కువని తేలినా మెడ మీద కైరోప్రాక్టిక్ ఇక ఎప్పటికీ వద్దు.

అయితే ఎమ్మారై రిపోర్టు చూసి అనవసరంగా బెదిరిపోకండి. ఏ నొప్పీ లేని వాళ్ల నడుములకు తీసినా 20 ఏళ్ల వయసులోనే దాదాపు 30 శాతం మందిలో పూసల మధ్య ఉండే డిస్క్ ఉబ్బి కనిపిస్తుంది, 80 ఏళ్లకు 84 శాతం. అందుకే ఎల్4-ఎల్5 (నడుములో నాలుగు, అయిదో పూసల మధ్య) దగ్గర ఉబ్బు ఉందన్న ఒక్క వాక్యం చూపించి ప్యాకేజీ అమ్మేవారిని నమ్మవద్దు. ఉబ్బు ఉన్న నరానికీ, తిమ్మిరి ఉన్న చోటికీ పొంతన కుదరాలి. ఎల్5 నరం నలిగితే పాదం పైభాగం, కాలి బొటనవేలు మొద్దుబారి, మడమల మీద నడవలేరు. దాని కిందిదైన ఎస్1 నరం నలిగితే పాదం బయటి అంచు, చిటికెన వేలు మొద్దుబారి, మునివేళ్ల మీద లేవలేరు. రెండు అరికాళ్ల మంటకు ఇవి సరిపోవు.

మరి కైరోప్రాక్టర్‌తో మేలు ఎవరికి? వయసులో ఉన్నవారికి, ఒకవైపే నడుము నుంచి పిరుదు మీదుగా కాల్లోకి పాకే తిమ్మిరి ఉండి, బలం తగ్గకుండా, కొత్తగా మొదలై కొన్ని వారాలే అయి ఉంటే ప్రయత్నించవచ్చు. మెడ నుంచి ఒక చేతిలోకి దిగే తిమ్మిరికి కూడా, వెన్నుపాము బాగుందని తేలాక, మెడ తిప్పకుండా మెల్లగా కదిలించే పద్ధతులతో, నరం ఇరుక్కోకుండా సులువుగా కదిలేలా చేసే వ్యాయామాలతో ప్రయత్నించవచ్చు. నడుముకైతే బల్ల సగభాగాన్ని కిందికి వంచుతూ నెమ్మదిగా సాగదీసే ఫ్లెక్షన్-డిస్ట్రాక్షన్ పద్ధతి గట్టిగా నెట్టే పద్ధతి కన్నా సురక్షితం. నిజం చెప్పాలంటే ఇలాంటి వాటిలో ఎక్కువ భాగం ఏ వైద్యం లేకపోయినా ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గుముఖం పడతాయి. ఆ సమయం గడిచేదాకా మనిషిని కదలికలో ఉంచడమే వైద్యం చేసే మేలు.

ప్రయత్నిస్తే వారానికి రెండుసార్ల చొప్పున మూడు వారాలు, మొత్తం ఆరు సిట్టింగులు చాలు. మొదటి రోజు తిమ్మిరి ఉన్న హద్దును ఒంటి మీద పెన్నుతో గీసి ఫోటో తీయండి, వారానికోసారి మళ్లీ గీయండి. ఆ హద్దు పాదం నుంచి పిక్కకు, పిక్క నుంచి పిరుదుకు వెనక్కి జరుగుతుంటే, నడుములో నొప్పి కాస్త పెరిగినా సరే, అది మంచి దిశ. కిందికి జారి వేళ్ల దాకా వెళ్తుంటే ఆ పద్ధతి ఆపేయాలి. నరం కోలుకునేటప్పుడు ముందు నొప్పి పోతుంది, తర్వాత బలం వస్తుంది, మొద్దు అన్నిటికన్నా చివర పోతుంది. దెబ్బతిన్న నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది, కాబట్టి మొద్దు ఒక్కటే మిగిలితే నెలలు పట్టినా కంగారు అక్కర్లేదు. ఆరు సిట్టింగులకు హద్దులోనూ బలంలోనూ ఏ మార్పూ లేకపోతే ఇంకో పద్దెనిమిది చేసినా వస్తుందని ఆశించవద్దు. ముందే 24 అమ్మేవారి దగ్గర ఈ లెక్క చూసే అవకాశమే ఉండదు.

వైద్యుణ్ని ఎంచుకునేటప్పుడు గుర్తుంచుకోండి, మన దేశంలో కైరోప్రాక్టర్లకు లైసెన్సు ఇచ్చే చట్టబద్ధ కౌన్సిల్ లేదు. అమెరికాలో డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్ డిగ్రీ, రాష్ట్ర లైసెన్సు తప్పనిసరి. అక్కడున్న మనవాళ్లు రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. ఇక్కడ వారాంతపు కోర్సు చేసిన వ్యక్తి కూడా బోర్డు పెట్టుకోగలడు. కాబట్టి ఎక్కడ చదివారో నేరుగా అడగండి. మాన్యువల్ థెరపీలో శిక్షణ ఉన్న బీపీటీ, ఎంపీటీ ఫిజియోథెరపిస్ట్ అయినా ఈ పని చేయగలరు. మొదటి రోజు సుత్తితో రిఫ్లెక్సులు చూడకుండా, కండబలం, స్పర్శ పరీక్షించకుండా, బీపీ, వాడే మందులు అడగకుండా బల్ల ఎక్కమంటే లేచి వచ్చేయండి. రక్తం పల్చన చేసే మందులు, ఎముకలు గుల్లబారడం, కీళ్లవాతం, దీర్ఘకాలం స్టెరాయిడ్లు, ఎప్పుడైనా క్యాన్సర్ ఉండటం, ఇవి అడగకుండానే చెప్పాల్సినవి. వీటిలో ఏది ఉన్నా గట్టిగా నెట్టే పద్ధతి వద్దు.

చివరగా, సిట్టింగుల మాట పక్కన పెట్టి నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాల్సిన లక్షణాలు. మూత్రం బిగదీయడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు మొద్దుబారడం, రెండు కాళ్లూ ఒక్కసారిగా బలహీనమవడం. ఇవి నడుము నరాల కట్ట మొత్తం నలుగుతోందనడానికి గుర్తులు, ఆ రోజే ఆపరేషన్ అవసరం కావచ్చు. కొన్ని రోజుల్లోనే పాదాల నుంచి పైకి పాకుతూ కాళ్లు పట్టు తప్పితే అది కూడా అత్యవసరమే. ఒకవైపు ముఖం, చెయ్యి, కాలు హఠాత్తుగా మొద్దుబారితే స్ట్రోక్. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. మెడ తిప్పించుకున్న తర్వాత, అదే రోజు కాకపోయినా కొన్ని రోజులకైనా, ఎన్నడూ లేనంత మెడనొప్పి, తలనొప్పి, కళ్లు తిరగడం, రెండుగా కనిపించడం, మాట ముద్దవడం, మింగలేకపోవడం మొదలైతే మెడ రక్తనాళం లోపలి పొర చీలి ఉండవచ్చు. మళ్లీ అదే క్లినిక్‌కు వెళ్లకండి, 108కి ఫోన్ చేయండి. ఎమర్జెన్సీలో డాక్టరు ఎదురుగా రాగానే, ఫలానా రోజు మెడ తిప్పించుకున్నారని మొట్టమొదట చెప్పండి. ఆ మాట వింటే వాళ్లు తల స్కాన్‌తో ఆగకుండా మెడ రక్తనాళాల సీటీ యాంజియో కూడా తీస్తారు.